మతిమరుపు అంగడికి గుర్తుబిళ్ళ

పుణ్యక్షేత్రానికి వెళ్ళినప్పుడు గుడివాకిట చెప్పులు విడిచి, అక్కడ కూర్చున్న మనిషి ఇచ్చిన బిళ్ళను జేబులో వేసుకొని లోనికి పోవడం మనకందరికీ అనుభవమే. ఆ మనిషికి మన ముఖం గుర్తుండదు. ఉండవలసిన పనీ లేదు. బిళ్ళమీది అంకె, అరమీది అంకె కలిస్తే చాలును. మన చెప్పులు మనకు వస్తవి. బిళ్ళ పోగొట్టుకొన్నామా, ఎంత ప్రాధేయపడినా ప్రయోజనం తక్కువ. ఇంకొకరి చేతికి చిక్కినదా, మన చెప్పులు వారి కాళ్ళకు పోతవి.

ఈనాడు కంప్యూటర్ల మీద, చేతి ఫోన్ల మీద జరుగుతున్న క్రయవిక్రయాలు, బ్యాంకు లావాదేవీలు, ఉత్తర ప్రత్యుత్తరాలు, వీటిలో అధికభాగం ఇటువంటి బిళ్ళమీదనే నడుస్తున్నవంటే శ్రోతలు కొందరు ఆశ్చర్యపడవచ్చును. కంప్యూటర్లవారు ఆ బిళ్ళకు కుకీ అని పేరు పెట్టినారు. ఒక మనిషి ఒక పుటనుంచి మరొక పుటకు పోతున్నంతసేపూ, ఇతడు ఇందాకటి మనిషే అని గుర్తుంచుకొనే ఏర్పాటుకు సెషన్ అని పేరు. ఈ మాటలు విననివారు ఉండవచ్చును గాని, వీటి దెబ్బ తిననివారు అరుదు.

నా సంగతే చెబుతాను. ఒక పండుగకు ఊరికి పోవలసి వచ్చి, కంప్యూటర్ ముందు కూర్చొని రైలు టికెట్టు కొనబోయినాను. ఇంటిల్లిపాదికీ పేర్లు, వయస్సులు, కింది బెర్తు ఎవరికి, పై బెర్తు ఎవరికి, అన్నీ పూర్తిచేసినాను. ఇంతలో మా ఆవిడ వంటింటినుంచి కేక వేసినది. లేచివెళ్ళి, గ్యాసు బండ మార్చి, చేతులు కడుక్కొని తిరిగి వచ్చినాను. డబ్బు చెల్లించే మీట నొక్కగానే, సెషన్ ముగిసినది, మళ్ళీ ప్రవేశించవలసినదని జవాబు వచ్చినది. అంతవరకు నన్ను పేరుపెట్టి పలకరించిన యంత్రం, నేనెవరో ఎన్నడూ ఎరుగనట్లు వాకిట నిలబెట్టినది. ఆ కోపంతోనే ఈ మతిమరుపు పుట్టుపూర్వోత్తరాలు వెదకడం మొదలుపెట్టినాను.

వెదికితే తేలినదేమంటే, ఇది యంత్రానికి వయస్సు మీరి వచ్చిన మతిమరుపు కాదు. బుద్ధిపూర్వకంగా, పుట్టుకతో పెట్టిన గుణం.

స్విట్జర్లాండ్ దేశంలో జెనీవా నగరం చెంత సెర్న్ అనే పరమాణు పరిశోధనాలయం ఉన్నది. అక్కడ పనిచేస్తున్న టిమ్ బెర్నర్స్-లీ అనే ఆంగ్లేయుడు 1989 మార్చిలో తన పై అధికారులకు ఒక ప్రతిపాదన సమర్పించినారు. పరిశోధనాలయంలోని పత్రాలు ఎన్నెన్నో యంత్రాలలో చెల్లాచెదరై ఉన్నవి. ఒక పత్రంలో మరొక పత్రం ప్రసక్తి వస్తే, ఆ మాటమీద నొక్కినంతనే రెండవ పత్రం కళ్ళ ముందుకు రావలెనన్నది ఆయన కోరిక. వెబ్ అనే మహాజాలానికి బీజం అదే. ఇందుకోసం రెండు యంత్రాలు మాటలాడుకొనే మర్యాదను కూడా ఆయనే నిర్ణయించినారు. దానిని హెచ్.టి.టి.పి. అంటారు.

అంతకు ముందునుంచీ ఉన్న మర్యాదలు వేరు. దూరపు యంత్రంలోని దస్తావేజు తెచ్చుకోవడానికి ఎఫ్.టి.పి. అనే పద్ధతి ఉండేది. అందులో మొదట మన పేరు చెప్పవలెను, సంకేతపదం చెప్పవలెను. పని ముగిసేవరకు ఆ సంబంధం తెగదు. చివరకు సెలవు పుచ్చుకొని బయటకు రావలెను. టెల్నెట్ అనే పద్ధతీ అటువంటిదే. చుట్టం ఇంటికి వచ్చినట్లు, రాక ఉన్నది, పోక ఉన్నది, మధ్య కాలమంతా ఇంటివారికి చుట్టం లోపల ఉన్నాడన్న స్పృహ ఉన్నది.

బెర్నర్స్-లీ పద్ధతి ఇందుకు పూర్తిగా భిన్నం. 1991 నాటి తొలి రూపంలో అడిగేవాడు ఒకే ఒక పంక్తిలో అడుగుతాడు: ఫలానా పత్రం ఇవ్వండి. ఇచ్చేవాడు పత్రం ఇచ్చి తలుపు మూస్తాడు. అంతటితో సరి. మరుక్షణంలో అదే మనిషి మరొక పత్రం అడిగినా, అతడు కొత్తవాడే. పత్రాలు చదివేవాడు ఒక యంత్రంనుంచి మరొక యంత్రానికి క్షణంలో గెంతిపోతాడు. వాడు తిరిగి వస్తాడో రాడో తెలియదు. వానికోసం తలుపు తెరచి కూర్చోవడం దండుగ గదా! పైగా ఎవరినీ గుర్తుంచుకోనవసరం లేని యంత్రం ఒక మాటు ఆగిపోయి మళ్ళీ మేలుకొన్నా నష్టపోయేది ఏమీ లేదు. చిన్న యంత్రమైనా వేలమందికి సమాధానం చెప్పగలదు. వెబ్ అంత వేగంగా లోకమంతా అల్లుకొనిపోవడానికి ఈ మతిమరుపు చాలావరకు తోడ్పడినదని నా అభిప్రాయం.

గ్రంథాలయంలో బల్లమీది పుస్తకాలు చదివిపోయేవారికి ఈ ఏర్పాటు చక్కగా సరిపోతుంది. అదే చోట అంగడి పెట్టబోతే వస్తుంది చిక్కు.

1993, 94 సంవత్సరాలలో వెబ్‌మీదికి వర్తకులు రావడం మొదలైనది. కొనుగోలుదారు ఒక పుటలో పుస్తకం ఒకటి ఎంచుకొంటాడు. మరొక పుటకు పోయి ఇంకొకటి ఎంచుకొంటాడు. మూడవ పుటలో డబ్బు చెల్లించడానికి సిద్ధపడతాడు. అంగడివాడు మాత్రం, అయ్యా తమరెవరు, ఏమి కొన్నారు, అని ప్రతి పుటలోనూ మొదటినుంచి అడుగుతాడు! ఇటువంటి అంగడికి రెండవసారి ఎవరు పోతారు?

తోచిన ఉపాయాలు తోచినట్లు చేసినారు. ప్రతి కంప్యూటర్‌కూ అంతర్జాలంలో ఒక చిరునామా అంకె ఉంటుంది గదా, దానినిబట్టి మనిషిని పోల్చుకోవచ్చునని కొందరు తలచినారు. కాని పెద్ద పెద్ద కచేరీలలో వందలాది మంది ఒకే ద్వారం గుండా, ఒకే చిరునామాతో బయటకు వస్తారు. టెలిఫోన్ తీగమీద సంబంధం తెచ్చుకొనే గృహస్థుకు ఈ పూట ఒక అంకె, మరుపూట మరొక అంకె. సత్రంలో బస చేసినవారందరినీ సత్రం చిరునామాతో గుర్తుపట్టబోయినట్లయినది.

మరికొందరు, ఇంతవరకు కొన్న వస్తువుల జాబితాను పుటలోనే కంటికి కనిపించని గడులలో రాసి పంపేవారు. మీట నొక్కినప్పుడల్లా ఆ జాబితా తిరిగి అంగడికి చేరేది. ఇది కొంత మేలే. కాని కొందరు అమాయక వర్తకులు ఆ కనబడని గడులలో వస్తువు ధర కూడా రాసి ఉంచేవారు. కంటికి కనబడనిదల్లా చేతికి అందదనుకొన్నారు కాబోలు. కొంచెం తెలిసినవాడు ఆ పుటను తెరచి, వంద అని ఉన్నచోట పది అని దిద్ది పంపితే, అంగడి మారు మాటాడక పది రూపాయలకే సరుకు ఇచ్చేది. బిల్లు రాసే పని కొనేవాడికే అప్పగించినట్లన్న మాట.

మూడవ ఉపాయం, ప్రతి మనిషికి ఒక అంకె కేటాయించి, దానిని పుట చిరునామాకే తోకగా తగిలించడం. ఓపెన్ మార్కెట్ అనే అమెరికా సంస్థ ఈ పద్ధతికి 1995 జూన్‌లో పేటెంటు కోరి, 1998 జనవరిలో సంపాదించినది. ఇందులోనూ ఒక అపాయం ఉన్నది. ఈ పుస్తకం బాగున్నదని స్నేహితునికి ఆ చిరునామా పంపితే, దానితోపాటు మన అంకె కూడా పోతుంది. స్నేహితుడు తలుపు తట్టగానే అంగడివాడు అతనిని మనమే అనుకొంటాడు.

ఈ దశలో రంగప్రవేశం చేసినవారు లూ మాంటుల్లి. కాన్సస్ విశ్వవిద్యాలయంలో చదువుకొంటూ లింక్స్ అనే బ్రౌజర్‌ను రాసినవారిలో ఒకరు. 1994లో కాలిఫోర్నియాలో కొత్తగా వెలసిన సంస్థలో తొలి ఇంజనీర్లలో ఒకరుగా చేరినారు. ఆ సంస్థకు మొదట మొజాయిక్ కమ్యూనికేషన్స్ అని పేరు. ఆ సంవత్సరం చివరలోనే నెట్‌స్కేప్ అని మార్చుకొన్నది. మాంటుల్లి వినోదప్రియులు కూడా. కచేరీలోని చేపల తొట్టికి కెమేరా బిగించి, ఆ బొమ్మలను లోకమంతా చూసేటట్లు వెబ్‌లో పెట్టినది ఆయనే.

నెట్‌స్కేప్ వారు అప్పుడు ఎం.సి.ఐ. అనే టెలిఫోన్ సంస్థకోసం వెబ్ అంగడి ఒకటి నిర్మిస్తున్నారు. ఎం.సి.ఐ. వారు ఒక షరతు పెట్టినారు: సగంలో ఉన్న బేరాల లెక్కలు మా యంత్రాలు మోయవు, ఆ బరువు కొనేవాని యంత్రంలోనే ఉంచే మార్గం చూడండి. బజారులో నలుగురు బుట్ట సగం నింపి, మనసు మార్చుకొని వెళ్ళిపోతారు. ఆ సగం బుట్టలన్నీ అంగడివాడు ఎంతకాలం పదిలపరచగలడు?

మాంటుల్లి ఆలోచించిన పరిష్కారం చాలా చిన్నది. అంగడి పత్రం ఇచ్చేటప్పుడు దానితోపాటు ఒక చిన్న చీటీ కూడా ఇస్తుంది. బ్రౌజర్ ఆ చీటీని దాచి ఉంచి, తిరిగి ఆ అంగడికి పోయినప్పుడల్లా అడగకుండానే చూపిస్తుంది. యూనిక్స్ అనే వ్యవస్థలో పనిచేసేవారు, ఒక ప్రోగ్రామ్ మరొకదానికిచ్చి మార్పు లేకుండా తిరిగి పుచ్చుకొనే గుర్తును మ్యాజిక్ కుకీ అని అప్పటికే పిలుస్తుండేవారు. ఆ పేరే దీనికీ పెట్టినారు. తినే బిస్కెట్టుకు దీనికి ఏమి సంబంధమని అడిగేవారికి చెప్పదగిన గొప్ప కారణం ఏదీ లేదు.

1994 అక్టోబర్ 13న విడుదలైన ఆ సంస్థ తొలి బ్రౌజర్‌లో కుకీ ఉన్నది. దాని మొదటి ఉద్యోగం ఘనమైనది కాదు. నెట్‌స్కేప్ వారి సొంత పుటకు వచ్చినవారు అంతకుముందు వచ్చినవారా, కొత్తవారా అని తెలుసుకోవడం. మరుసటి సంవత్సరం మైక్రోసాఫ్ట్ బ్రౌజర్ కూడా దీనిని స్వీకరించినది. మాంటుల్లి 1995 అక్టోబర్‌లో కోరిన పేటెంటు 1998 జూన్‌లో మంజూరైనది.

నెట్‌స్కేప్ వారు దీనిని వివరిస్తూ ప్రకటించిన పత్రం కొద్ది పుటలది. అందులో చూపిన ఉదాహరణ తలచుకొంటే ఇప్పటికీ నవ్వు వస్తుంది. కొనుగోలుదారు ఎవరంటే, కార్టూన్ చిత్రాలలో పరుగెత్తే పక్షిని పట్టబోయి ప్రతిసారీ కొండమీదినుంచి పడే తోడేలు. వాడు కొన్న వస్తువు రాకెట్లు పేల్చే యంత్రం! హాస్యం అటుంచితే, ఆ పత్రంలోని నియమాలు శ్రద్ధగా రాసినవి. ఒక చీటీ నాలుగు కిలోబైట్లు మించరాదు. ఒక్కొక్క అంగడికి ఇరవై చీటీలు, మొత్తంమీద మూడు వందలు దాచే శక్తి ఉంటే చాలును. చీటీకి గడువు తేదీ పెట్టవచ్చును. పెట్టకపోతే బ్రౌజర్ మూసినప్పుడు అది నశిస్తుంది.

ఇక్కడ మాంటుల్లి చేసిన ఒక నిర్ణయం గురించి ప్రత్యేకంగా చెప్పవలసి ఉన్నది. ప్రతి బ్రౌజర్‌కూ శాశ్వతమైన అంకె ఒకటి ఇచ్చి, అది ఎక్కడికి పోయినా ఆ అంకె చెప్పేటట్లు చేసి ఉంటే పని ఎంతో సులువయ్యేది. అది ఆయనకు తోచినది. కాని అలా చేస్తే అంగళ్ళవారందరూ కూడబలుక్కొని ఒక మనిషి ఎక్కడెక్కడ తిరిగినాడో కూపీ తీయగలరని, ఆ ఆలోచనను తోసిపుచ్చినట్లు ఆయనే 2013లో రాసినారు. అందుచేతనే, బిళ్ళ ఇచ్చిన అంగడికి తప్ప అన్యులకు దానిని చూపరాదన్న నియమం పెట్టినారు. గుడివాకిటి బిళ్ళ పక్క హోటలులో చెల్లదు గదా, అటువంటిది.

నియమం మంచిదే. కాని గోడకు ఒక కంత ఉన్నది.

వెబ్ పుటలోని ప్రతి బొమ్మా అదే యంత్రంనుంచి రావలెనన్న నిర్బంధం లేదు. వార్తాపత్రిక పుటలోని ప్రకటన బొమ్మ ఎక్కడో దూరాన ఉన్న ప్రకటనల సంస్థ యంత్రంనుంచి వస్తుంది. బొమ్మను తెచ్చేటప్పుడు బ్రౌజర్ ఆ సంస్థతో మాటలాడుతుంది. మాటలాడినప్పుడు ఆ సంస్థ కూడా ఒక బిళ్ళ చేతిలో పెడుతుంది. అదే సంస్థ బొమ్మలు పత్రికలోనూ, పుస్తకాల అంగడిలోనూ, మందుల అంగడిలోనూ ఉన్నవనుకోండి. ఎక్కడికి పోయినా మన బ్రౌజర్ ఆ సంస్థకు అదే బిళ్ళ చూపుతుంది. ఉదయం ఏ వార్త చదివినాము, మధ్యాహ్నం ఏ జబ్బు గురించి వాకబు చేసినాము, ఆ లెక్కంతా మనం ఎన్నడూ పేరైనా వినని మూడవవాని పుస్తకంలో చేరుతుంది. బిళ్ళ ఇచ్చినవానికే చూపవలెనన్న నియమానికి అక్షరాలా భంగం కలగలేదు. దాని ఉద్దేశం మాత్రం మంటగలిసినది.

ఇన్ని జరుగుతున్నా, తమ యంత్రంలో ఇటువంటి చీటీలు పోగవుతున్నవని మామూలు గృహస్థులు ఎరుగరు. బ్రౌజర్ వారిని అడుగలేదు, చెప్పలేదు. 1996 ఫిబ్రవరి 12న లండన్ నగరపు ఫైనాన్షియల్ టైమ్స్ పత్రిక ఈ సంగతిని వెల్లడిచేసినది. ఆ సంవత్సరం, మరుసటి సంవత్సరం కూడా అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ముందు విచారణలలో ఈ విషయం చర్చకు వచ్చినది. నెట్‌స్కేప్ మూడవ బ్రౌజర్‌లో, బిళ్ళ పుచ్చుకొనేముందు అడగమని కోరుకొనే వీలు కల్పించినారు. కోరినవారికి అడుగడుగునా ప్రశ్నే. అడిగిన కొద్దీ విసుగెత్తి, సరే సరే అని నొక్కడమే మనిషి స్వభావం.

ఈలోగా అంతర్జాల ప్రమాణాలను నిర్ణయించే ఐ.ఇ.టి.ఎఫ్. సభ ఈ పని తలకెత్తుకొన్నది. బెల్ ప్రయోగశాలకు చెందిన డేవిడ్ క్రిస్టల్, మాంటుల్లి కలిసి రాసిన ప్రమాణం 1997 ఫిబ్రవరిలో వెలువడినది. మూడవవాని బిళ్ళలను బ్రౌజర్లు స్వీకరించరాదు, లేదా వాడుకరి కోరితే తప్ప స్వీకరించరాదు అని అందులో స్పష్టంగా ఉన్నది. ఆనాటి రెండు పెద్ద బ్రౌజర్లలో ఒకటీ దానిని పాటించలేదు. అప్పటికే ప్రకటనల వ్యాపారం ఆ కంతమీద ఆధారపడి పెరుగుతున్నది. కంతను పూడిస్తే వర్తకులు కంటికి కనబడని మరొక దారి తవ్వుతారనీ, బిళ్ళ అయితే వాడుకరి చూచి పారవేయవచ్చుననీ మాంటుల్లి తరువాత సమర్థించుకొన్నారు. ఆ వాదంలో కొంత నిజం ఉన్నది. కాని పారవేసేవారు ఎందరు? 2000 అక్టోబర్‌లో సవరించి ప్రకటించిన రెండవ ప్రమాణాన్ని కూడా లోకం పట్టించుకోలేదు. చివరకు 2011 ఏప్రిల్‌లో ఆడమ్ బార్త్ రాసిన మూడవ ప్రమాణం, ఏది ఉండవలెనో మాని, ఆచరణలో ఏది ఉన్నదో దానినే నమోదు చేసినది. శాస్త్రం ఆచారాన్ని దిద్దలేనప్పుడు ఆచారమే శాస్త్రమవుతుందని మన పెద్దలకు తెలియని సంగతి కాదు.

డబుల్‌క్లిక్ అనే ప్రకటనల సంస్థ 1999లో అబాకస్ అనే మరొక సంస్థను కలుపుకొన్నది. ఆ రెండవ సంస్థ దగ్గర, తపాలాద్వారా సరుకులు తెప్పించుకొనే కుటుంబాల పేర్లు, చిరునామాలు ఉన్నవి. బిళ్ళమీది పేరులేని అంకెకు ఇంటి పేరును జతచేయబోయేసరికి గగ్గోలు పుట్టినది. 2000 మార్చిలో ఆ సంస్థ తప్పు ఒప్పుకొని వెనుకంజ వేసినది. తరువాత 2008లో గూగుల్ ఆ సంస్థను సుమారు 310 కోట్ల డాలర్లకు సొంతం చేసుకొన్నది.

ఇక రైలు టికెట్టు దగ్గర నన్ను వాకిట నిలబెట్టిన సెషన్ సంగతి. ఎం.సి.ఐ. వారు బుట్ట బరువంతా కొనేవాని దగ్గరే ఉండవలెనన్నారు. ఆచరణలో వర్తకులు ఎక్కువమంది అందుకు ఎదురుదారి పట్టినారు. మనిషి చేతిలోని చీటీలో వివరాలన్నీ ఉంటే, వాడు వాటిని దిద్దవచ్చును. కనబడని గడుల అనుభవం ఉండనే ఉన్నది. కాబట్టి చీటీమీద ఊహించడానికి వీలులేని పొడవైన అంకె ఒకటి మాత్రం రాసి ఇచ్చి, బుట్టను తమ యంత్రంలోనే ఆ అంకెగల అరలో పెట్టినారు. సరిగ్గా చెప్పుల బిళ్ళ! 1996 చివరలో మైక్రోసాఫ్ట్ వారి ఎ.ఎస్.పి., 2000 మేలో పి.హెచ్.పి. నాలుగవ రూపం ఈ ఏర్పాటును సిద్ధం చేసి ఇవ్వగా, ప్రోగ్రామ్ రాసేవారికి శ్రమ తప్పినది.

కాని అర ఎప్పుడు ఖాళీ చేయాలి? ఈ ప్రశ్న దగ్గరనే పాత మతిమరుపు మళ్ళీ తల ఎత్తుతుంది. పాత ఎఫ్.టి.పి. చుట్టం సెలవు పుచ్చుకొని వెళ్ళేవాడు. వెబ్‌లో వీడ్కోలు అన్నది లేదు. అంగడి విడిచి శాశ్వతంగా వెళ్ళినవానికీ, గ్యాసు బండ మార్చడానికి వంటింటికి వెళ్ళినవానికీ యంత్రం భేదం కనిపెట్టలేదు. ఇద్దరివద్దనుంచీ వచ్చేది నిశ్శబ్దమే. అందుకని ఒక గడువు ఊహించి పెట్టుకొంటారు. ఎ.ఎస్.పి.లో చెప్పకపోతే ఇరవై నిమిషాలు, పి.హెచ్.పి.లో 1440 సెకన్లు, అనగా ఇరవైనాలుగు నిమిషాలు. బ్యాంకులు, టికెట్ల అంగళ్ళు ఇంకా తగ్గించుకొంటాయి.

ఆ గడువు పెట్టడంలో మన మేలు కూడా లేకపోలేదు. మన పట్టణాలలో వీధివీధినా ఇంటర్నెట్ సెంటర్లు వెలసిన రోజులు చాలామందికి గుర్తుండే ఉంటవి. ఒకే కంప్యూటర్ ముందు గంటకొకరు కూర్చొనేవారు. ఉత్తరాలు చూచుకొని, బయటకు వచ్చే మీట నొక్కకుండానే కుర్చీ దిగిపోయేవారు. తరువాత కూర్చొన్నవాడు పాతవాని ఉత్తరాలు తీరికగా చదువుకోవచ్చును. బిళ్ళ మనిషిది కాదు, బ్రౌజర్‌ది. అది జేబులో కాక కుర్చీకి కట్టి ఉన్నదన్న మాట.

వర్తకం పెరిగి ఒక యంత్రం చాలక పది యంత్రాలు పెట్టినచోట మరొక చిక్కు. మొదటి పుట ఒక యంత్రం ఇస్తే రెండవ పుట మరొక యంత్రం ఇస్తుంది. బుట్ట మొదటిదాని అరలో ఉండిపోతుంది. అన్నింటికీ ఉమ్మడిగా ఒక గోదాము పెట్టవలసి వచ్చినది. అది కూడా భారమైనవారు మళ్ళీ ఎం.సి.ఐ. వారి పాత కోరికకే చేరినారు: వివరాలు మనిషి చేతికే ఇచ్చి, దిద్దితే తెలిసిపోయేటట్లు గణితపు ముద్ర ఒకటి వేస్తారు. 2015 మేలో ప్రమాణంగా వెలువడిన జె.డబ్ల్యు.టి. అటువంటి ముద్రగల చీటీయే.

బిళ్ళ దొంగల మాట ఒకటి మిగిలినది. చాలాకాలం అనేక అంగళ్ళు సంకేతపదం అడిగే పుటను మాత్రమే రహస్య లిపిలో పంపి, మిగతా పుటలను బహిరంగంగా పంపేవి. సంకేతపదానికి పెట్టె, బిళ్ళకు మాత్రం తోరణం! 2010 అక్టోబర్‌లో ఎరిక్ బట్లర్ అనే ప్రోగ్రామర్ ఫైర్‌షీప్ అనే చిన్న పనిముట్టును బహిరంగంగా విడుదల చేసినారు. కాఫీ హోటలులో నలుగురూ ఒకే వైఫైమీద ఉన్నప్పుడు, ఆ పనిముట్టు గాలిలో పోతున్న బిళ్ళలను ఏరి వరుసగా చూపేది. ఒక పేరుమీద నొక్కితే, నొక్కినవాడు ఆ మనిషిగా లోపల ప్రవేశించేవాడు, సంకేతపదంతో పనిలేదు. ఇది కొత్తగా కనుగొన్న లోపం కాదు, నిపుణులు ఏళ్ళ తరబడి చెబుతున్నదే. కాని చెప్పినప్పుడు కదలనివారు, చూపినప్పుడు కదిలినారు. 2011 జనవరిలో ఫేస్‌బుక్ తన పుటలన్నీ రహస్య లిపిలో పొందే వీలు కల్పించినది. తరువాత మిగిలిన అంగళ్ళు ఆ దారి పట్టినవి.

ఐరోపా దేశాల కూటమి 2009లో తన శాసనాన్ని సవరించి, వాడుకరి సమ్మతి లేనిదే అతని యంత్రంలో బిళ్ళ పెట్టరాదన్నది. అందులో ఒక మినహాయింపు ఉన్నది. వాడుకరి తానే కోరిన సేవకు విధిగా కావలసిన బిళ్ళకు సమ్మతి అక్కరలేదు. అనగా బుట్టను గుర్తుంచుకొనే బిళ్ళ వేరు, మనిషిని వెంటాడే బిళ్ళ వేరు అని చట్టం గీత గీసినది. ముందుగానే టిక్కు పెట్టి ఉంచిన గడి సమ్మతి కాదని ఆ కూటమి న్యాయస్థానం 2019 అక్టోబర్‌లో తీర్పు చెప్పినది. ఇప్పుడు ఏ పుట తెరచినా, కుకీలకు ఒప్పుకొంటారా అని అడ్డుపడే ప్రశ్న ఆ శాసనపు సంతానమే.

బ్రౌజర్లలో ఫైర్‌ఫాక్స్ 2019 సెప్టెంబర్‌నుంచి, వెంటాడేవని తెలిసిన మూడవవాని బిళ్ళలను తానుగా ఆపివేస్తున్నది. సఫారీ 2020 మార్చిలో అటువంటివాటిని పూర్తిగా నిషేధించినది. క్రోమ్ యజమాని అయిన గూగుల్ 2020 జనవరిలో, రెండు సంవత్సరాలలో వాటిని తొలగిస్తామని ప్రకటించి, గడువు పొడిగిస్తూ వచ్చి, 2024 జూలైలో ఆ ఉద్దేశమే మానుకొన్నది. 1997 ప్రమాణంలో రాసిన ఒక వాక్యం అమలు కావడానికి రెండు బ్రౌజర్లలో ఇరవై ఏళ్ళు దాటినది. మూడవదానిలో ఇంకా కాలేదు.

బెర్నర్స్-లీ పెట్టిన మూలగుణం మాత్రం చెక్కుచెదరలేదు. 2022 జూన్‌లో సవరించి ప్రకటించిన హెచ్.టి.టి.పి. ప్రమాణంలో కూడా, ఇది గతాన్ని గుర్తుంచుకోని పద్ధతి అనే రాసి ఉన్నది.

నా టికెట్టు మాట చెప్పడం మరచినాను. మళ్ళీ ప్రవేశించి, మళ్ళీ ఇంటిల్లిపాది పేర్లూ వయస్సులూ రాసి, ఈసారి ఎవరు పిలిచినా లేవకుండా డబ్బు చెల్లించినాను. అప్పటికి బెర్తులు అయిపోయినవి. నిరీక్షణ జాబితాలో పదిహేడవ స్థానం దొరికినది.